సిమెంటు, టైల్స్ షాపుకి బండి: 750 కిలోలదా, టన్నున్నరదా? పేలోడ్ (బండి మోయగల సరుకు) లెక్క చెప్పండి

హాలియా_హార్డ్‌వేర్:
అందరికీ నమస్తే. హాలియాలో మాకు సిమెంటు, టైల్స్, పైపుల షాపు ఉంది. ఇప్పటిదాకా డెలివరీ అంతా కిరాయి బళ్ల మీదే. పత్తి సీజన్ వచ్చిందంటే ఎంత బతిమాలినా బండి దొరకదు, దొరికినా వాళ్లు అడిగిందే రేటు. ఈసారి సొంత బండి తీసుకుందామంటే నాన్న కూడా సరేనన్నారు.

మా తిరుగుడు పెద్దవూర, నిడమనూరు, త్రిపురారం, గుర్రంపోడు, సాగర్ వైపు. అప్పుడప్పుడు మిర్యాలగూడ. ట్రిప్పుకి 20 నుంచి 25 బస్తాల సిమెంటు, లేదంటే 40 బాక్సుల టైల్స్ వెళ్తాయి.

చూసిన బళ్లు రెండు రకాలు. ఒకటి 750 కిలోల చిన్న బండి, ఇంకొకటి టన్నుంబావు, టన్నున్నర మోసే పికప్. రేటులో తేడా బాగానే ఉంది. ఒక షోరూంలో అబ్బాయి "750 అనేది పేపర్ మీద మాటే సార్, టన్నున్నర వేసుకోండి, ఏం కాదు" అన్నాడు. నాన్న దానికే మొగ్గుతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. వాడినవాళ్లు చెప్పండి.

పాలమూరు_డ్రైవర్:
ఆ అబ్బాయి చెప్పిందే నిజం తమ్మీ. జడ్చర్ల జంక్షన్ దగ్గర ఒక గంట నిలబడి చూడు, పేపర్ మీద రాసినంతే వేసుకుని పోయే బండి ఒక్కటి కనిపిస్తే చెప్పు. చిన్న బండి తీసుకో, ఈఎంఐ తక్కువ, మైలేజీ ఎక్కువ. 25 బస్తాలు ఆరామ్‌గా లాగుతుంది.

కమాన్‌కట్ట:
లాగుతుంది అన్నా. ఇంజిన్ లాగుతుందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. మొదటి గేర్లో టన్నున్నర ఏంటి, రెండు టన్నులు కూడా కదులుతాయి. ఆగాలి కదా.

నల్లగొండలో నా షెడ్డుకి వచ్చే చిన్న బళ్లలో ఎక్కువ పని వెనక భాగంలోనే. సిమెంటు, ఇటుక, కంకర తోలే బళ్లయితే చూడగానే తెలిసిపోతుంది. కమాన్ పట్టీలు, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీలు, వంపు పోయి తిన్నగా అయిపోయి ఉంటాయి, కొన్నిటికి వెనక్కి వంగి ఉంటాయి. పట్టీలన్నిటినీ కలిపి పట్టుకునే సెంటర్ బోల్ట్ ఒకటి ఉంటుంది, వేలంత లావు. అది తెగిందంటే వెనక యాక్సిల్ ఆ పక్క ముందుకో, వెనక్కో జరుగుతుంది. డ్రైవర్‌కి స్టీరింగ్ ఒక వైపు లాగుతున్నట్టు అనిపిస్తుంది, అలైన్‌మెంట్ అనుకుని టైర్ షాపుకి పోతాడు. అక్కడ ముందు చక్రాలు సరిచేసి పంపిస్తారు, జబ్బు వెనక ఉంటే!

ఆ తరువాత వీల్ బేరింగులు, బ్రేక్ లైనర్లు, క్లచ్ ప్లేట్. ఇవన్నీ ఆ బండి జీవీడబ్ల్యూకి, అంటే బండి, సరుకు కలిపి దాటకూడని బరువుకి తగ్గట్టు చేసినవి. "ఎక్స్‌ట్రా పట్టీ వేయన్నా, ఇంకో అర టన్ను మోస్తుంది" అని వస్తారు. పట్టీ వేస్తే బండి వెనక కిందికి దిగకుండా కనిపిస్తుంది, అంతే. బ్రేక్ డ్రమ్ము పెద్దది కాదు, యాక్సిల్ లావు కాదు, టైరు మారదు, ఆర్‌సీలో అంకె అసలే మారదు. పైగా ఎక్స్‌ట్రా పట్టీ లేనప్పుడు బండి వెనక కుంగి డ్రైవర్‌ని భయపెట్టేది. ఇప్పుడు ఆ భయం కూడా ఉండదు.

టైరు సంగతి కూడా చెప్తా. టైరు పక్క గోడ మీద సైజు పక్కనే లోడ్ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది. 86 అంటే ఆ ఒక్క టైరు 530 కిలోలు మోస్తుంది, 91 అంటే 615, 100 అంటే 800. రెండు అంకెలు గీత పెట్టి రాసి ఉంటే మొదటిది ఒంటి టైరుకి, రెండోది జంట టైర్లకి. వెనక రెండూ 86 టైర్లయితే మొత్తం 1,060 కిలోలు. అందులో బండి సొంత బరువులో వెనక పడే వాటా పోగా మిగిలిందే మన సరుకుది. అది కూడా గాలి నిండా ఉంటేనే. మే నెల నల్లగొండ ఎండలో, గాలి తగ్గిన టైరు మీద డబుల్ లోడ్ వేస్తే పక్క గోడ మడతపడుతూ వేడెక్కుతుంది. పగిలిన టైర్లు నా షెడ్డు వెనక గుట్టగా ఉన్నాయి, కావాలంటే వచ్చి చూసుకోవచ్చు.

లెక్కల_మాస్టారు:
బాగా చెప్పారు. నేను కాగితం లెక్క చెప్తాను. మా తమ్ముడికి బండి కొనేటప్పుడు ఇదంతా కూర్చుని చూశాను.

పేలోడ్ ఆర్‌సీలో ఉండదు. ఈ లెక్కకి ఆర్‌సీలో చూడాల్సినవి రెండు: అన్‌లాడెన్ వెయిట్, అంటే ఖాళీ బండి బరువు. జీవీడబ్ల్యూ, అంటే బండి, సరుకు, మనుషులు అన్నీ కలిపి దాటకూడని బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే పేలోడ్. ఇక్కడ చాలామంది చూడని సంగతి ఒకటి. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఖాళీ బరువులో డ్రైవర్, హెల్పర్ లెక్కలోకి రారు. వాళ్ల బరువు కూడా మన సరుకు వాటాలోంచే పోతుంది.

ఒక బండి జీవీడబ్ల్యూ 2,550, ఖాళీ బరువు 1,250 అనుకుందాం. పేపర్ మీద 1,300 కిలోలు. డ్రైవర్ 75, హెల్పర్ 65, మొత్తం 140 పోతే 1,160. తాడిపత్రి (టార్పాలిన్), తాళ్లు, పైన వేయించే ఇనుప ఫ్రేమ్, వెనక బంపరు, పక్క మెట్లు అన్నీ కలిపి 90 అనుకుంటే 1,070. సిమెంటు బస్తా 50 కిలోలు. అంటే 21 బస్తాలు.

టన్నుంబావు బండి అని కొంటే మీ 25 బస్తాలు పట్టవు. 750 కిలోల బండి సంగతి మీరే చూసుకోండి. ఇద్దరు మనుషులు పోగా 610, అదనపు సామాను ఏమీ లేకపోయినా 12 బస్తాలు.

హాలియా_హార్డ్‌వేర్:
12 బస్తాలా! మాస్టారూ, నాన్నకి ఇది చూపిస్తే నమ్మరు. బ్రోచర్‌లో డ్రైవర్‌ని కలిపే 750 అని రాసి ఉండొచ్చు కదా?

లెక్కల_మాస్టారు:
షోరూంలో ఆ మాటే సూటిగా అడగండి, డ్రైవర్‌తో కలిపా, లేకుండానా అని. జవాబు ఏది వచ్చినా చివరికి నమ్మాల్సింది ఆర్‌సీలో జీవీడబ్ల్యూని, కాంటా (వేబ్రిడ్జి) చీటీని.

నీళ్ల_ప్లాంట్:
మాది దేవరకొండ దగ్గర. 20 లీటర్ల క్యాన్‌లు తోలుతాం. లీటరు నీళ్లు కిలో, క్యాన్ బరువు విడిగా, ఒక్కోటి 21 కిలోలకి కాస్త తక్కువ. క్యాన్‌లు పెట్టే ర్యాకు ఇనుముది, అదొక వంద కిలోలు. ఇద్దరం మనుషులం. ఇవన్నీ తీస్తే 750 బండిలో దగ్గరదగ్గర పాతిక క్యాన్‌లు. మా లైన్లో అందరూ అరవై, డెబ్బై పెడతారు. ర్యాకులో చోటుంది కాబట్టి పెడతారు. చోటు ఉందంటే బరువు పడుతుందని కాదు కదా.

నేను కొన్నప్పుడే పెద్దది తీసుకున్నాను. పొద్దున బయల్దేరేటప్పుడే పూర్తి లోడు, ఊళ్లు తిరిగే కొద్దీ తగ్గుతూ వస్తుంది. మీ సిమెంటు అలా కాదు, ఇంటి దాకా అంతే బరువు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. వెయ్యి లీటర్ల ట్యాంకు బండి మీద పెట్టి పెళ్లిళ్లకి నీళ్లు తోలేవాళ్లు ఉన్నారు. సగం నిండిన ట్యాంకుతో మలుపు తిరిగితే నీళ్లన్నీ ఒక పక్కకి కొడతాయి. పోస్తే నిండా పోయాలి, లేకపోతే ఖాళీగా పోవాలి. నిండా పోస్తే నీళ్లే టన్ను, మళ్లీ చిన్న బండికి అది కుదరదు.

బోర్‌మోటార్:
కల్వకుర్తి నుంచి. బోరు మోటార్లు దింపడం, ఎత్తడం మా పని. మా బండి సరుకు బండి కాదు, పని బండి. సామాను దిగదు, ఏడాది పొడుగునా బండిలోనే ఉంటుంది. మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ, స్పానర్లు, కేబుల్ చుట్టలు, ఒక జనరేటర్. వాటి మీద రైతు పొలం నుంచి తీసిన పైపులు. ఒకటిన్నర ఇంచి జీఐ పైపు 20 అడుగులది ఒక్కోటి దాదాపు 21 కిలోలు. 400 అడుగుల బోరయితే 20 పైపులు, 420 కిలోలు. నలుగురం మనుషులం. మోటారు వేరే.

పొద్దున ఖాళీ బండి అనుకుని ఎక్కేదే 300 కిలోలు దాటి ఉంటుంది. ఇలాంటి పని బండికి ఏది కొనాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. పనికి పోయే రోజు సామాను అంతా కిరాయి బండిలో ఎక్కించి, మనుషులతో సహా కాంటా ఎక్కించండి. వంద, నూటయాభై రూపాయల ఖర్చు. ఆ చీటీ జేబులో పెట్టుకుని షోరూంకి పొండి.

పాలమూరు_డ్రైవర్:
అంతా బాగుంది. కానీ 25 బస్తాలకి రెండు ట్రిప్పులు కొడితే డీజిల్ ఎవడు పోస్తాడు? కస్టమర్ ఒక కిరాయే ఇస్తాడు. మాటలకేం, లెక్క చూడండి.

కమాన్‌కట్ట:
అందుకే కదా అన్నా పెద్ద బండి కొనమంటున్నది! చిన్న బండిలో రెండు ట్రిప్పులు కొట్టమని ఎవరన్నారు? రోజూ తోలే లోడుకి సరిపోయే బండి కొంటే ఒక్క ట్రిప్పే. రేటు తేడా ఈఎంఐలో నెలకి ఎంత పడుతుందో చూడు, చిన్న బండికి ఏడాదిలో మార్చే క్లచ్ ప్లేట్, బేరింగులు, టైర్ల బిల్లు పక్కన పెట్టి చూడు. ఆ బిల్లు రాసేది నేనే, నాకు తెలీదా.

పాలమూరు_డ్రైవర్:
నీ బిజినెస్ పోతుంది కదా భయ్యా 😄

కమాన్‌కట్ట:
మీలాంటోళ్లు ఉన్నంత కాలం పోదులే.

కాంటా_దగ్గర:
మిర్యాలగూడ రోడ్డులో వేబ్రిడ్జి దగ్గర పనిచేస్తాను. రైస్ మిల్లుల లారీలే ఎక్కువ, మధ్యలో పికప్‌లు కూడా వస్తాయి. నేను రోజూ చూసేది చెప్తా.

వడ్ల బస్తాలు తెచ్చేవాళ్లకి లెక్క తప్పదు. కొనుగోలు కేంద్రంలో బస్తాకి 40 కిలోలు, లెక్కపెట్టి వేస్తారు. లెక్క తప్పేదల్లా ఇసుక, కంకర, మొరం దగ్గర. బాడీ నిండేదాకా పోస్తారు. పికప్ బాడీ ఎనిమిదిన్నర అడుగుల పొడుగు, ఐదుంబావు వెడల్పు, పక్క డోర్లు అడుగుంబావు ఎత్తు ఉంటాయనుకోండి. డోర్ల అంచుకి సమానంగా, పైన కుప్ప లేకుండా పోస్తే దగ్గరదగ్గర 56 ఘనపుటడుగులు. పొడి ఇసుకే అయినా అది రెండున్నర టన్నులు! తడి ఇసుకయితే మూడుకి పోతుంది. టన్నుంబావు బండికి అది డబుల్. డ్రైవరేమో "ఇంకా కుప్ప కూడా పోయలేదు సార్" అంటాడు.

అదే బండిలో పత్తి వేస్తే పైన మనిషెత్తు కట్టినా బరువు దాటదు. దానికి ఇంకో గొడవ, పక్కలకి, వెనక్కి బయటికి వస్తుంది. దానికీ వేరే ఫైన్ ఉంది.

హాలియా తమ్ముడికి ఒక సలహా. కాంటా మీదికి మొత్తం బండి ఎక్కించే ముందు, ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి చూపించమని అడుగు. తరువాత మొత్తం ఎక్కించు. రెండింటి తేడా వెనక యాక్సిల్ మీద ఉన్న బరువు. మొత్తం బరువు జీవీడబ్ల్యూ లోపలే ఉండి కూడా వెనక యాక్సిల్ ఒక్కటే ఓవర్ అయిన బళ్లు చూస్తుంటాను. సిమెంటు దించడం తేలికని అంతా వెనక డోరు దగ్గరే పేరుస్తారు, ముందు భాగం ఖాళీ. అప్పుడు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ పట్టు తప్పుతుంది. క్యాబిన్ వెనక గోడకి ఆనించి పేర్చుకుంటూ రావాలి. కాంటాకి తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉందో లేదో కూడా చూసుకోండి.

హాలియా_హార్డ్‌వేర్:
ఇసుక లెక్క చూసి నాన్న ఒక్క క్షణం మాట్లాడలేదు. 😀 ఇప్పుడు ఆయనదే ప్రశ్న: పట్టుకుంటే ఫైన్ ఎంత? డ్రైవింగ్ లైసెన్స్ ఏది కావాలి? నాకు కారు లైసెన్సే ఉంది.

కాగితాలు_చూస్కో:
నేను ఇన్సూరెన్స్, ఆర్టీవో కాగితాల పని చేస్తాను, మహబూబ్‌నగర్‌లో. విడివిడిగా చెప్తాను.

ఓవర్‌లోడ్‌కి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194. 2019 సవరణ తరువాత అందులో ఉన్నది 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకి 2,000. ఎక్కువ లోడు దించేదాకా బండి కదలనివ్వరు, దించే ఖర్చు కూడా మనదే. సరుకు బాడీ దాటి పక్కలకి, ముందుకి, వెనక్కి, పైకి పొడుచుకు వస్తే మళ్లీ 20,000. ఆపి కాంటా పెట్టమంటే పెట్టకుండా పోతే 40,000. ఓవర్‌లోడ్ ఫైన్ నడిపినవాడికే కాదు, నడపనిచ్చిన ఓనర్‌కి కూడా వర్తిస్తుంది. డ్రైవర్ మీద తోసేద్దామంటే కుదరదు.

లైసెన్స్ సంగతి. 7,500 కిలోల జీవీడబ్ల్యూ దాకా లైట్ మోటార్ వెహికలే. ఎల్‌ఎంవీ లైసెన్స్‌తో ఆ లోపు గూడ్స్ బండి నడపొచ్చని సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చింది. అంతకుముందు ఇన్సూరెన్స్ కంపెనీలు ఈ పాయింట్ మీద క్లెయిములు ఆపేవి. మీ కారు లైసెన్స్ చాలు.

పర్మిట్ సంగతి కూడా చూసుకోండి, చాలామందికి తెలియదు. జీవీడబ్ల్యూ 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు, సెక్షన్ 66లో ఉంది. టన్నున్నర రకం పికప్‌లు కొన్ని ఈ గీత లోపలే ఉంటాయి. 1,700 ఆ పైన మోసేవాటిలో కొన్ని దాటేస్తాయి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ మాత్రం దేనికైనా తప్పదు.

ఒక మాట అడగకపోయినా చెప్తున్నా. పత్తి ఏరడానికి, నాట్లకి కూలీలను వెనక ఎక్కించుకుని పోతుంటారు మన దగ్గర. గూడ్స్ బండిలో అలా ఎక్కినవాళ్లకి ఏమన్నా అయితే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కట్టదు. సరుకు యజమాని సరుకుతో పాటు వస్తే అది వేరే సంగతి. ఊరివాళ్లు, తెలిసినవాళ్లు, కాదనలేం అంటారు. అయినా సరే ఎక్కించుకోవద్దు.

బత్తాయి_తోట:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నాకు గుర్రంపోడు దగ్గర బత్తాయి తోట. నల్లగొండ మార్కెట్‌కి కాయ తోలడానికి చిన్న బండి చూస్తున్నా. సీఎన్‌జీ తీసుకుంటే లోడు తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

లెక్కల_మాస్టారు:
నిజమే. మారుతి సూపర్ క్యారీనే చూడండి. పెట్రోల్‌ది 740 కిలోల పేలోడ్, సీఎన్‌జీది 625. రెండిటి జీవీడబ్ల్యూ 1,600 దగ్గరే ఉంటుంది. గ్యాస్ సిలిండర్, దాని ఫిట్టింగు బరువు మన వాటాలోంచి పోయింది. 115 కిలోలంటే మీకు నాలుగైదు క్రేట్లు. కరెంటు బళ్లు కూడా అంతే, 2022లో వచ్చిన మొదటి టాటా ఏస్ ఈవీ 600 కిలోలదే. తరువాత 2024లో టన్ను మోసేది వచ్చింది. బండి పేరు ఒక్కటే అయినా ఏ వేరియంట్‌ది ఏ అంకె అన్నది చూసే కొనాలి.

బత్తాయి_తోట:
కాయకి సీజన్‌లోనే కదా పని. మిగతా రోజులు ఎరువు బస్తాలు, దాణా. పెట్రోల్‌దే చూస్తా. థాంక్స్ సార్.

హాలియా_హార్డ్‌వేర్:
ఇంకో డౌట్. మేం స్టీలు కూడా అమ్ముతాం. రాడ్లు ఈ పికప్‌లో పోతాయా?

కాంటా_దగ్గర:
బరువు సంగతి సరే, పొడుగు చూడు. రాడ్డు 12 మీటర్లు, మధ్యకి వంచితే 6 మీటర్లు, అంటే 20 అడుగులు. నీ బాడీ ఎనిమిదిన్నర, తొమ్మిది. మిగతాది క్యాబిన్ పైనుంచి ముందుకో, వెనక రోడ్డు మీదికో పొడుచుకు వస్తుంది. హాలియా నుంచి మిర్యాలగూడ రోడ్డు మీద రాత్రిపూట అలాంటి బండి వెనక బైకు మీద వచ్చేవాడికి రాడ్డు కొన కనిపించదు. చిన్న ఆర్డర్లు షాపులోనే కట్ చేసి పంపు. పెద్ద ఆర్డరయితే డీసీఎం (చిన్న లారీ) మాట్లాడుకో.

లెక్కల_మాస్టారు:
12 ఎంఎం రాడ్డు మీటరుకి 0.89 కిలోలు, పూర్తి రాడ్డు పదిన్నర కిలోల పైచిలుకు. 8 ఎంఎం అయితే రాడ్డుకి 4.75. గ్రానైటు కూడా అమ్ముతారా? 20 ఎంఎం మందం పలక చదరపు అడుగుకి 5 కిలోలు పడుతుంది. 250 అడుగులు వేస్తే చూడటానికి నాలుగు పలకల్లా ఉంటుంది, టన్నుంబావు దిగిపోతుంది.

హాలియా_హార్డ్‌వేర్:
గ్రానైటు మేం అమ్మం, అది పక్క షాపు. రాడ్లకి డీసీఎం మాట ఖాయం.

నిన్న ఆదివారం పని చూశాను. మా బావ దగ్గర టన్నున్నర పికప్ ఉంది, రెండేళ్లది. ఆర్‌సీ తీసుకుని, బండి కాంటాకి తీసుకెళ్లాం. ఆర్‌సీలో ఖాళీ బరువుకి, కాంటా మీద డ్రైవర్ దిగాక వచ్చిన బరువుకి 170 కిలోల తేడా! బావకి కూడా తెలియదు. టైల్స్ బాక్సు కూడా తూచాం, 2 బై 2వి నాలుగు పలకల బాక్సు 28 కిలోల దగ్గర. 40 బాక్సులు 1,120.

నాన్నకి లెక్క రాసిచ్చాను. టన్నున్నర బండి, జీవీడబ్ల్యూ 3,000 లోపు. 1,500లో ఇద్దరు మనుషులు 140, సామాను 90 పోతే 1,270. 25 బస్తాలు 1,250. సరిపోయింది. ఆయన కాసేపు చూసి "అయితే 750ది వద్దులే" అన్నారు. వచ్చే వారం బుక్ చేస్తున్నాం.

ఆ 170 కిలోలు ఎక్కడివో మాత్రం అర్థం కాలేదు. బావ బండికి పైన ఇనుప ఫ్రేమ్, వెనక బంపరు ఉన్నాయి, అంతే.

కమాన్‌కట్ట:
బాడీ కింద ఏం పరిచాడు? గళ్ల ఇనుప రేకు వేయించాడా?

హాలియా_హార్డ్‌వేర్:
అవునన్నా, 3 ఎంఎం చెకర్డ్ ప్లేట్. కొన్న వారంలోనే వేయించాడు. నేను కూడా అదే వేయిద్దామనుకుంటున్నా, టైల్స్ బాక్సులు లాగితే అడుగు పాడవుతుంది కదా.

కమాన్‌కట్ట:
దొరికింది నీ తేడా. 3 ఎంఎం గళ్ల రేకు చదరపు మీటరుకి 25 కిలోల పైనే. ఆ బాడీకి నాలుగు మీటర్ల పైచిలుకు పడుతుంది, వంద దాటింది. మిగతాది ఫ్రేము, బంపరు. అంటే మీ బావ రోజూ రెండు బస్తాల సిమెంటు కిరాయి లేకుండా మోస్తున్నాడు.

నీకు 20 కిలోలే మిగులు ఉంది కదా, రేకు వేయించావంటే 25 బస్తాల లెక్క 23కి వస్తుంది. 12 ఎంఎం ప్లైవుడ్ వేయి, వాటర్‌ప్రూఫ్‌ది. మొత్తం కలిపి 35 కిలోలు కూడా కాదు, అరిగితే తీసి ఇంకోటి వేసుకోవచ్చు. అది వేశాక 24 బస్తాలు అనుకో, ఆ ఒక్కటి వదిలెయ్.

హాలియా_హార్డ్‌వేర్:
ప్లైవుడ్ మన షాపులోనే ఉందన్నా. 24 ఖాయం. బండి వచ్చాక ఆర్‌సీ, కాంటా చీటీ రెండూ ఇక్కడ పెడతా.

పాలమూరు_డ్రైవర్:
పార్టీ ఎక్కడిస్తావో అది కూడా పెట్టు తమ్మీ.